కొరింథు పత్రిక: కొన్ని అపోహలు, వాస్తవాలు

బైబిల్ తరగతుల్లో మొదటి కొరింథీయులకు పత్రిక (గ్రీసులోని కొరింథు సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం) తెరిచిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే మాటలివి.

అపోహ: ఆదిమ సంఘమంతా ఏకమనసుతో ఉండేది, చెడిపోయింది మనమే.

వాస్తవం: పౌలు ఎఫెసులో ఉండగా క్లోయె అనే ఆమె ఇంటివారు మోసుకొచ్చిన కబురే కొరింథు సంఘంలోని కలహాల గురించి. నేను పౌలువాణ్ణంటే నేను అపొల్లోవాణ్ణని, కాదు కేఫావాణ్ణని వర్గాలు (అపొల్లో ఇంకో బోధకుడు, కేఫా అంటే పేతురు). కొరింథులో పౌలును ఎవరి ముందు నిలబెట్టారో ఆ రోమా అధిపతి గల్లియో పేరు, గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనంలో ఉంది. దాన్ని బట్టి పౌలు కొరింథులో ఉన్నది క్రీ.శ. 51 ప్రాంతంలో. పత్రిక రాసింది 53–55 మధ్య. అంటే సంఘం పుట్టి నిండా ఐదేళ్లయినా కాకముందే ఇదంతా! ఊరు కూడా అలాంటిదే. క్రీ.పూ. 146లో రోమా సైన్యం నేలమట్టం చేస్తే, 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టాడు. రెండు రేవుల వ్యాపారం, కొత్త డబ్బు, పరువు కోసం పాకులాట. ప్రభురాత్రి భోజనం దగ్గర కూడా ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడని పౌలు మండిపడ్డాడు. నన్నడిగితే సిద్ధాంతాల తగాదా కంటే హోదా తగాదాయే ఎక్కువ. తర్వాతి అధ్యాయాల్లోని ఆత్మ వరాల (భాషలు మాట్లాడటం లాంటివి) గొడవకూ మూలం అదే.

అపోహ: భాషలు (ఆత్మ ప్రేరణతో పలికే, వినేవాళ్లకు అర్థంకాని మాటలు) మాట్లాడకపోతే పరిశుద్ధాత్మను పొందనట్టే.

వాస్తవం: "అందరూ భాషలతో మాట్లాడుతున్నారా?" అని పౌలే అడిగాడు. లేదనే జవాబు వచ్చేలా అడిగాడు. 14వ అధ్యాయంలో క్రమం కూడా పెట్టాడు: ఇద్దరు, మించితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలి. అందరూ ఒకేసారి మొదలుపెడితే బయటివాడు వచ్చి మీకు పిచ్చెక్కిందనడా అన్నాడు. మన రాత్రి ప్రార్థనల్లో మైకు సౌండు పెంచేవాళ్లు ఈ వచనం దగ్గర కాసేపు ఆగితే బాగుండు. అలాగని భాషల్ని తోసిపారేసేవాళ్లకూ ఇక్కడ చోటు లేదు. మీ అందరికంటే నేనే ఎక్కువ మాట్లాడతానన్నాడు, ఎవరినీ ఆటంకపరచొద్దనీ అన్నాడు.

అపోహ: 13వ అధ్యాయం పెళ్లిళ్ల కోసం.

వాస్తవం: పెళ్లిలో చదవండి, తప్పులేదు. కానీ అది వరాల గురించిన 12, 14 అధ్యాయాల మధ్య ఉంది. "ప్రేమ డంబముగా ప్రవర్తింపదు" అన్నది వరాలు చూసుకుని మిడిసిపడేవాళ్లకు తగలాలనే. అధ్యాయాల విభజన వచ్చింది 13వ శతాబ్దంలో, పౌలు రాసింది ఏకబిగిన సాగే ఉత్తరం.

అపోహ: పునరుత్థానమంటే చనిపోయాక ఆత్మ పరలోకానికి వెళ్లడం.

వాస్తవం: భూస్థాపన దగ్గర 15వ అధ్యాయం చదివి, ప్రసంగంలో ఆత్మ గురించే చెప్పి ముగించడం మనకు అలవాటు. కొరింథులో కొందరు కాదన్నది మృతులు తిరిగి లేవడాన్ని. ఆత్మ మిగులుతుందని మాత్రమే పౌలు చెప్పి ఉంటే, గ్రీకుల మధ్య బతికినవాళ్లకు అదేమంత మింగుడుపడని మాట కాదు. ఆయన చెప్పింది శరీరం గురించి: నేలలో వేసిన గింజలా క్షయమైనదిగా విత్తబడి, అక్షయమైనదిగా లేస్తుంది. సాక్షుల్నీ వరుసగా చెప్పాడు. ఐదు వందలమందికి పైగా ఒకేసారి క్రీస్తును చూశారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు.

అపోహ: పత్రిక అందాక కొరింథు బాగుపడింది.

వాస్తవం: క్రీ.శ. 96 ప్రాంతంలో రోమా సంఘం నుంచి కొరింథుకు ఇంకో ఉత్తరం వెళ్లింది. దాన్ని రోమా సంఘ నాయకుడు క్లెమెంటు రాశాడంటారు. ఈసారి కొరింథువాళ్లు తమ సంఘ పెద్దలనే తొలగించేశారు. పౌలు పత్రిక తీసి చదువుకోండని అందులో గుర్తుచేశాడు. పునరుత్థానానికి 500 ఏళ్లు బతికి, చచ్చి మళ్లీ పుడుతుందని కథల్లో చెప్పే ఫీనిక్స్ పక్షిని కూడా ఉదాహరణగా తెచ్చాడు. నాకైతే పౌలు చెప్పిన గింజే నయం. ఏదేమైనా, ఆ మందలింపును కొరింథువాళ్లు దాచిపెట్టలేదు. 170 ప్రాంతంలో అక్కడి బిషప్పు డయొనీసియసు, దాన్ని ఆదివారం కూడికలో చదువుతున్నామని రోమావారికి రాశాడు.