ఒరిజినల్ కొనడం మొదలెట్టేసరికి

విజయనగరంలో వీడియో గేమ్ అంటే చాలాకాలం కేసెట్టే. టీవీకి తగిలించే చౌక డబ్బా, దానికి గుచ్చే కేసెట్, అట్ట మీద వేలకొద్దీ గేములున్నాయని అచ్చు. లోపలుండేవి పదో ఇరవయ్యో, మిగతావి అవే మళ్లీ మళ్లీ. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ డబ్బాకు నకళ్లవి. వేసవి సెలవుల్లో కంటోన్మెంట్‌లో బయల్దేరిన కేసెట్ చేతులు మారి మారి కోట దాకా వెళ్లేది.

తర్వాత సీడీల కాలం. జీటీఏ వైస్ సిటీ గేమ్ లేని ఇంటర్నెట్ సెంటర్ ఉండేది కాదు, డబ్బిచ్చి ఒరిజినల్ కొన్నవాళ్లు మాత్రం అరుదు. అన్నీ కాపీ చేయించిన సీడీలే. ఈ సంగతి దాచి, కొన్న గేమ్ మనది కాకుండా పోతోందని, మన హక్కులు పోయాయని మొదలెడితే అది సగం కథే.

ఒరిజినల్ డిస్కు అలవాటు మనకు సోనీ వాళ్ల గేమ్ కన్సోళ్లు (టీవీకి తగిలించే గేమ్ డబ్బాలు) ప్లేస్టేషన్ 3, 4ల కాలంలోగానీ రాలేదు. వేలు పోసి డిస్కు కొనడానికి ఇంట్లో ఒప్పించే మాట ఒక్కటే: ఆడేశాక అమ్మేయొచ్చు. ఇద్దరు చెరిసగం వేసుకునేవారు. విశాఖ వెళ్లి ఎక్స్ఛేంజ్ చేసుకునేవారు. తిరిగొచ్చే డబ్బు లెక్కలో ఉంటేనే గేమ్ అందుబాటు ధర.

పీసీ గేములకు తాళం అప్పటికే పడింది. 2004 నవంబరులో వచ్చిన హాఫ్ లైఫ్ 2 గేమ్ డిస్కు కొన్నా, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లోని మన ఖాతాకు జతచేస్తేనే ఆడనిచ్చింది. ఒకసారి జతయిన డిస్కు ఇంకొకరికి అమ్మినా దండగే. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కన్సోల్‌కూ అలాంటిదే తేబోయింది: ఎక్స్‌బాక్స్ వన్ 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు కలవాలి, పాత డిస్కుల అమ్మకానికి షరతులు. గోల లేచాక అదే నెలలో వెనక్కి తగ్గింది. ఆ కన్సోల్ మన దేశానికి వచ్చింది 2014 సెప్టెంబరులో. అక్టోబరు 12న హుద్‌హుద్. ఉత్తరాంధ్రలో కరెంటు లేదు, జనరేటర్ ఉన్నవాళ్లకూ ఫోన్ సిగ్నల్ లేదు. ఆ షరతే నిలిచి ఉంటే, చేతిలో డిస్కు ఉన్నా ఉపయోగం ఉండేది కాదు.

డిస్కును పక్కకు నెట్టే పని షరతుల వల్ల కాలేదు, చౌక డేటా చేసింది. 2016 సెప్టెంబరులో జియో, ఆ తర్వాత ఇంటికి ఫైబర్ లైను. 50 జీబీ గేమ్ తెల్లారేసరికి దిగిపోతుంటే విశాఖ బస్సెక్కేదెవరు? కుర్రాళ్లయితే పబ్జీకి మళ్లారు, అక్కడ డిస్కు ఊసే లేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించాక, డబ్బు పెట్టి కొన్న స్కిన్లు (ఆటలో బొమ్మలకూ తుపాకులకూ వేసే వేషాలు) ఇరుక్కుపోయాయి. మరుసటి ఏడాది వచ్చిన పబ్జీ భారత రూపం బీజీఎంఐ పాత ఖాతాలు మార్చుకోనిచ్చింది కాబట్టి సరిపోయింది. 2022 జులైలో అదీ యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది.

డిస్కు ఉన్నవాళ్లూ ఏమంత క్షేమం కాదు. యూబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ 2014లో అమ్మిన ది క్రూ అనే కార్ల గేమ్ పూర్తిగా ఆ కంపెనీ సర్వర్ మీద నడిచేది. 2024 మార్చి 31న సర్వర్ ఆపేశారు. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా పోయింది. దాంతోనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ (గేముల్ని చంపడం ఆపండి) ఉద్యమం మొదలెట్టాడు. యూరప్‌లో వాళ్ల విన్నపానికి 2025 జులై నాటికి పది లక్షల సంతకాలు దాటాయి. కాలిఫోర్నియా చట్టమైతే 2025 జనవరి నుంచి, లైసెన్సు (ఆడుకునే అనుమతి) మాత్రమే ఇస్తూ ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే బటన్ పెట్టకూడదంటోంది. అమ్మకం తీరు మారలేదు, చెప్పి అమ్ముతారంతే.

2020లో ప్లేస్టేషన్ 5 డిస్కు డ్రైవ్ లేని రకంలోనూ వచ్చింది. 2024 నాటి ప్లేస్టేషన్ 5 ప్రోలో డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి. మన దగ్గర పెద్ద గేములు డిజిటల్‌గా కొన్నా వేలల్లోనే పడుతుంది, ఆడేశాక అమ్ముకోలేం కాబట్టి పైసా వెనక్కి రాదు. అందుకే డ్రైవ్ ఉన్న కన్సోలే తీసుకోమంటాను. సర్వర్ మీద నడిచే ఆటకు డిస్కు కొనడం శుద్ధ దండగ. ఒంటరిగా ఆడే కథల గేములకు మాత్రం, డిస్కులోనే ఆట మొత్తం ఉందో లేదో కనుక్కుని, అదే కొనడం మేలు.