ఆసుపత్రి గడప దాటి ఆరోగ్యవంతుల ముక్కులోకి

ఏ జబ్బూ లేని కుర్రవాళ్ల ముక్కులో దూదిపుల్ల తిప్పి పరీక్షిస్తే, ముగ్గురిలో ఇంచుమించు ఒకరి దగ్గర స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా దొరుకుతుంది. క్లుప్తంగా స్టాఫ్ అంటారు. మోస్తున్న మనిషికి ఆ సంగతే తెలియదు. అంతవరకు టెన్షన్ పడాల్సిందేమీ లేదు. చిక్కల్లా అందులో మందులకు లొంగని రకాలతోనే.

పెన్సిలిన్ కథ మొదలైందే స్టాఫ్‌తో. 1928లో శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్రయోగశాలలో, పెన్సిలిన్‌ను తయారుచేసే బూజు చంపింది ఈ జాతి బాక్టీరియానే. 1940లలో మందు వాడకంలోకి వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోపే లండన్‌లో బాక్టీరియా నిపుణురాలు మేరీ బార్బర్ పరిశీలించిన ఆసుపత్రిలో సగానికి పైగా స్టాఫ్ నమూనాలు దానికి లొంగడం మానేశాయి. పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అవి తయారుచేసుకుంటున్నాయి.

ఆ ఎంజైముకు చిక్కని మెథిసిలిన్ అనే మందు 1959లో వచ్చింది. 1961లోనే ఇంగ్లండ్‌లో ప్యాట్రీషియా జెవన్స్ దానికీ లొంగని రకాన్ని బయటపెట్టారు. అదే ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్. ఇది మందును విరగ్గొట్టే జోలికే పోదు. మందు సరిగా అతుక్కోలేని వేరే ప్రోటీనుతో తన కణ గోడ కట్టుకుంటుంది.

కొత్త మందు రాగానే బాక్టీరియా ఎదురు తిరిగిందని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదు. 1960ల నాటి నమూనాల జన్యువులను చదివిన శాస్త్రవేత్తలు 2017లో తేల్చిందేమిటంటే, ఈ రకం 1940ల మధ్యలోనే, అంటే మెథిసిలిన్ కంటే ముందే పుట్టింది. దాన్ని పైకి తెచ్చింది పెన్సిలిన్ వాడకమేనని వాళ్ల అంచనా. మందు రాకముందే విరుగుడు సిద్ధంగా ఉందన్నమాట!

అయినా దశాబ్దాలపాటు ఎంఆర్‌ఎస్‌ఏను ఆసుపత్రి రోగంగానే చూశారు. 1990లలో ఆ ధీమా చెదిరింది. 1997–99 మధ్య అమెరికాలోని మినెసోటా, నార్త్ డకోటాల్లో నలుగురు పిల్లలు దీనితో చనిపోయారు. ఆసుపత్రితో ముడిపెట్టగల కారణం వాళ్లలో ఎవరికీ లేదు. ఆ తర్వాత జైళ్లు, సైనిక శిబిరాలు, ఆటగాళ్ల జట్లు వరస కట్టాయి. 2003లో సెయింట్ లూయిస్ రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కృత్రిమ గడ్డి మీద గీరుకుపోయిన చోట్ల పుండ్లు లేచాయి. విచిత్రంగా, ఆ ఆటగాళ్ల ముక్కుల్లో మామూలు స్టాఫ్ దొరికింది గానీ ఎంఆర్‌ఎస్‌ఏ దొరకలేదు. కాబట్టి అన్నిటికీ ముక్కునే నిందించలేం. చర్మం చర్మానికి తగలడం, ఒకే తువ్వాలు నలుగురూ వాడటం కూడా దారులే.

అమెరికా జాతీయ సర్వేలో ముక్కులో ఎంఆర్‌ఎస్‌ఏ ఉన్నవాళ్లు 2001–02లో 0.8 శాతం. 2003–04 నాటికి 1.5 శాతమయ్యారు. అంకె చిన్నదే. కానీ రక్తంలోకి పాకిన స్టాఫ్ ఎక్కువగా ఆ రోగి ముక్కులోదేనని జర్మనీ పరిశోధకులు 2001లో చూపించారు. అందుకే కొన్ని ఆపరేషన్లకు ముందు ముక్కులో ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ పూస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ పూయరు. ఆ మందుకూ లొంగని స్టాఫ్ ఇప్పటికే ఉంది.

2016లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు ముక్కులోనే ఉండే మరో బాక్టీరియా, స్టఫైలోకాకస్ లుగ్డునెన్సిస్, స్టాఫ్‌ను చంపే రసాయనాన్ని తయారుచేస్తోందని కనుగొన్నారు. దానికి లుగ్డునిన్ అని పేరు పెట్టారు. ఈ బాక్టీరియా ఉన్న ముక్కుల్లో స్టాఫ్ కనిపించింది సుమారు 6 శాతం మందిలోనే. లేనివాళ్లలో దాదాపు 35 శాతం.