ముల్లు చూడక్కర్లేని తక్కెడ

"మా అబ్బాయికి చూపు లేదు. రేడియోలు విప్పి బిగించడమంటే ప్రాణం. మరి మీటరు చదవడం ఎలాగండీ?" అని ఓ తల్లి అడిగారు. ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

నియాన్ టెస్టర్ వెలుగు కళ్లున్నవాళ్లకే. మల్టీమీటరులో బజర్ ఉంటుంది గానీ చాలా మీటర్లలో 2 ఓములకూ 20 ఓములకూ ఒకటే కూత. మాట్లాడే మీటర్లూ ఉన్నాయి. ఓల్టేజి పెరుగుతూనో తగ్గుతూనో ఉన్నప్పుడు మాత్రం ఒక అంకె పలికేలోపే అది పాతబడిపోతుంది.

నాకు నచ్చిన దారి వేరు. అది మన తక్కెడ దారి. స్ప్రింగు కాటా బరువు ఎంతో అంకెలో చూపిస్తుంది, ఆ అంకె చదవాలి. తక్కెడకు ఆ అవసరం లేదు. సరుకు ఒక పళ్లెంలో, పడికట్టు రాళ్లు రెండో పళ్లెంలో. ముల్లు నడిమికి వచ్చిందా లేదా, అంతే. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది.

ఓల్టేజికీ ఇదే పని చేయించవచ్చు. కచ్చితమైన 10 ఓల్టులు తీసుకుని ఒక పొటెన్షియోమీటరుకు ఇవ్వండి. దాని గుండీ చుట్టూ బ్రెయిలీ చుక్కల స్కేలు. గుండీ తిప్పినకొద్దీ 0 నుంచి 10 దాకా ఏ ఓల్టేజి కావాలంటే అది వస్తుంది. అదే పడికట్టు. తెలియని ఓల్టేజి రెండో పళ్లెం. రెంటికీ మధ్య తేడాను మోతగా మార్చే చిన్న సర్క్యూట్. తిప్పుతుంటే మోత సన్నబడుతుంది, సన్నబడి ఆగిపోతుంది. అక్కడ ఆపి వేలితో స్కేలు తడిమితే 6.3.

ఇది చూపు లేనివాళ్ల కోసం సర్దుకున్న పద్ధతి అనుకోకండి. తూకం కుదిరిన క్షణాన కొలిచే చోటు నుంచి కరెంటే లాగదు. ఓల్టుకు 20,000 ఓముల పాతకాలపు ముల్లు మీటరును 10 ఓల్టుల రేంజిలో పెడితే దాని సొంత నిరోధం 2 లక్షల ఓములు, ఆ మేరకు అది కరెంటు లాగుతుంది. కొలిచే చోట 10 లక్షల ఓముల నిరోధం ఉంటే, అక్కడున్న 10 ఓల్టుల్ని అది 1.67గా చూపిస్తుంది! తక్కెడ 10 అనే చెబుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్మిత్-కెటిల్‌వెల్ కంటి పరిశోధన సంస్థ 1980లో ఇలాంటి పరికరాల కోసమే 'టెక్నికల్ ఫైల్' అనే పత్రిక మొదలుపెట్టింది. సంపాదకుడు బిల్ గెర్రీకి చూపు లేదు. ఏ పార్టు కాలు దేనికి కలపాలో అందులో బొమ్మ లేకుండా మాటల్లోనే చెప్పేవారు.

"దేవుడు కళ్లు తీసుకుని చెవులిచ్చాడు" అంటుంటారు. వట్టి మాట. మోత ఆగిందో లేదో వినడానికి మామూలు చెవి, కాస్త అభ్యాసం చాలు. ఇవ్వాల్సింది మనం, అవకాశం. మచిలీపట్నం దగ్గరి బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్ చదవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. తర్వాత ఆయన అమెరికాలోని ఎంఐటీలో చదివారు.

ఇంటర్ ల్యాబులోని మీటర్ బ్రిడ్జిని తీసుకోండి. మీటరు పొడవు తీగ మీద తూకం చూసి తెలియని నిరోధాన్ని కొలిచే పరికరం అది. కరెంటును ముల్లుతో చూపే గాల్వనోమీటరు తీసి ఇయర్‌ఫోన్ పెట్టండి. జాకీ, అంటే చేత్తో పట్టుకుని ఆనించే మొన, తీగను తాకినప్పుడల్లా 'టిక్' మంటుంది. తూకం దగ్గరపడేకొద్దీ టిక్ నీరసపడి, ఒకచోట వినిపించదు. స్కేలుకు సెంటీమీటరుకో గాటు ఉంటే చాలు. ఎడమవైపు తెలియని నిరోధం, కుడివైపు 10 ఓములు, 40 దగ్గర నిశ్శబ్దం: 10ని 40తో గుణించి 60తో భాగిస్తే 6.67 ఓములు. బ్యాటరీ బదులు మోత పుట్టించే ఏసీ ఇస్తే ఇంకా హాయి, తాకి తాకి వెతకక్కర్లేదు. తీగచుట్టలో ఇండక్టెన్స్ (మారే కరెంటును అడ్డుకునే గుణం) ఉంటే మాత్రం మోత పూర్తిగా పోదు, అతి తక్కువైన చోటే లెక్క. నిరోధాల పెట్టెలో తీగను మధ్యకు మడిచి జంటగా చుట్టేది ఆ ఇండక్టెన్స్ పోవడానికే.

అమ్మా, ఇంట్లో 230 ఓల్టుల జోలికి వద్దు. 9 ఓల్టుల బ్యాటరీ, ఒక పొటెన్షియోమీటరు, పెద్ద గుండీ, ఇయర్‌ఫోన్ తెచ్చివ్వండి. ముందుగా టార్చిలో వాడిన సెల్లు తూచమనండి.