చలిదేశంలో ప్లేగు: ఫ్లీ గొంతులో తూము

“స్వీడన్, డెన్మార్క్ లాంటి చలిదేశాల్లో కూడా ప్లేగు వేలమందిని చంపిందని చదివాను. అంత చలికి ఆ క్రిములు చచ్చిపోవా?” అని ఒక పాఠకుడు అడిగారు. చలికి క్రిమి చస్తుందన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. ఫ్రిజ్‌లో పెట్టిన కూర పాడవదు కాబట్టి కావచ్చు. నిజానికి ఫ్రిజ్ చాలా క్రిముల్ని చంపదు, ఎదగనివ్వదు, అంతే. ప్లేగు తెచ్చే క్రిమి, యెర్సీనియా పెస్టిస్ అనే బ్యాక్టీరియా, దగ్గరికొస్తే కథ ఇంకా వింతగా ఉంటుంది. దాని బతుకులో ఒక ముఖ్యమైన ఘట్టం చల్లగా ఉంటేనే సాగుతుంది.

గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కట్టడం, జ్వరం, కొద్ది రోజుల్లో చావు... ఇవన్నీ బడి పుస్తకాల్లో ఉన్నవే. వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఫ్లీ గొంతు గురించి.

ఫ్లీ అంటే కుక్కల ఒంటిమీద, ఎలుకల బొచ్చులో గెంతుతూ తిరిగే రెక్కల్లేని చిన్న పురుగు. రక్తమే దాని తిండి. గొంతుకీ పొట్టకీ మధ్య దానికొక కవాటం ఉంది, పేరు ప్రోవెంట్రిక్యులస్. దాని లోపలివైపు వరసలు వరసలుగా సన్నటి ముళ్లు. పీల్చిన రక్తాన్ని పొట్టలోకి వదలడం, వెళ్లింది వెనక్కి రాకుండా ఆపడం దీని ఉద్యోగం. గోదావరి డెల్టాలో పంటకాలువ తూము చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆ కాలువలోకి గుర్రపుడెక్క కొట్టుకొచ్చిందనుకోండి. మొదట ఒక మొక్క ఊచలకు చిక్కుతుంది. దాని వేళ్లకు ఇంకొకటి, దానికి మరొకటి. కొన్నాళ్లకు తూము ముందు పచ్చటి గోడ లేస్తుంది.

ప్లేగు క్రిమి చేసేది అచ్చంగా ఇదే. రోగి రక్తంతోపాటు ఫ్లీ పొట్టలో పడ్డ క్రిములు విడివిడిగా తిరగవు. హెచ్‌ఎంఎస్ అనే జన్యువుల సాయంతో జిగురులాంటి పాలీసాకరైడ్‌ను తయారుచేసుకుని ఒకదాన్నొకటి అంటుకుంటాయి. ఈ జిగట ముద్దకు బయోఫిల్మ్ అని పేరు. అది కవాటం ముళ్లను పట్టుకుని పెరిగి పెరిగి చివరికి దారి మూసేస్తుంది. పాపం ఫ్లీకి ఆకలి. కుడుతుంది, పీలుస్తుంది, రక్తం అడ్డం దాకా వచ్చి ఆగిపోతుంది. పీల్చే కండరం వదులవగానే వెనక్కి తన్నుతుంది. తూము దాటలేని నీళ్లు గుర్రపుడెక్క తుంపులతో సహా ఎగువ పొలంలోకి పొర్లినట్టు, ఆ రక్తం క్రిముల తునకలతో సహా మనిషి ఒంట్లోకి తిరిగి పోతుంది. కడుపు నిండలేదు కదా, మళ్లీ కుడుతుంది. ఈసారి పక్కవాణ్ణి. అలా కుట్టికుట్టి, మింగలేక, ఆఖరికి తనే ఎండిపోయి చస్తుంది. 1914లో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు బాకో, మార్టిన్ ఈ సంగతి బయటపెట్టారు. పరాన్నజీవుల గురించి నేను చదివిన వాటిలో దీనంత దుర్మార్గంగా, దీనంత అందంగా ఉన్న ఏర్పాటు మరొకటి లేదు.

ఇప్పుడు ఉష్ణోగ్రత సంగతి. ఆ జిగురు 26 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో జోరుగా తయారవుతుంది, 37 దగ్గర ఆగిపోతుంది. 37 అంటే మన ఒంటి వేడి. మన ఒంట్లో క్రిమికి జిగురుతో పనిలేదు. అక్కడ ఎఫ్1 అనే తొడుగు కప్పుకుని, రోగనిరోధక కణాల్లోకి ప్రోటీన్లను నేరుగా గుచ్చే టైప్ 3 స్రావ వ్యవస్థను బయటికి తీస్తుంది. ఒకే క్రిమికి రెండు వేషాలు, వేషం మార్చమని చెప్పేది ఉష్ణోగ్రత. బయటి వేడి 28 డిగ్రీలు దాటితే ఫ్లీ గొంతులో అడ్డం సరిగా కట్టదు, కట్టినా నిలవదు. గుర్రపుడెక్క కుళ్లి తూము దానంతటదే తెరుచుకున్నట్టే. 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర భారతంలో ప్లేగు మార్చి, ఏప్రిల్ నెలల్లో పెచ్చరిల్లి, ఎండలు ముదిరాక తగ్గడానికి దీన్ని ఒక కారణంగా చెబుతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఫ్లీలకూ ఆ ఎండ పడదు. స్టాక్‌హోమ్‌లో ఆగస్టు నెల పగటి వేడి ఇరవై డిగ్రీల చుట్టూ తిరుగుతుంది. ప్లేగుకు అంతకంటే అనువైన వాతావరణం ఏం కావాలి? డిసెంబరు చలికి ఫ్లీ గుడ్లు, పిల్లపురుగులు ఎదగడం మందగిస్తుంది కాబట్టి అప్పుడు తగ్గుముఖం పట్టేది. పాఠకుడి అనుమానంలో నిజం ఉన్నది ఆ మేరకే.

స్టాక్‌హోమ్ అనుభవించింది సరిగ్గా అదే. 1709లో రష్యాతో జరిగిన పోల్టావా యుద్ధంలో స్వీడన్ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది, రాజు 12వ చార్లెస్ తుర్కుల రాజ్యంలో బెండేర్ చేరి కూర్చున్నాడు. బాల్టిక్ సముద్రం అవతలి ఒడ్డున స్వీడన్ ఏలిన కోటల్ని రష్యా ఒక్కొక్కటే ముట్టడించింది. కోటల్లో ప్లేగు, బయట ఫిరంగులు. 1710 వేసవిలో శరణార్థులు ఓడలెక్కి స్టాక్‌హోమ్ దారి పట్టారు. శరత్కాలానికి శవాలు పూడ్చేవాళ్లు దొరకని స్థితి. నగరం మూడోవంతుకు మించి జనాన్ని పోగొట్టుకుంది, చనిపోయినవాళ్లు ఇరవై వేల పైమాటే. మరుసటి ఏడు, 1711లో, కోపెన్‌హాగెన్ వంతు వచ్చింది. అక్కడా ఇంచుమించు అంతేమంది.

కోపెన్‌హాగెన్‌కు ప్లేగు కొత్త కాదు. 1654లో వచ్చినప్పుడు దాదాపు 9 వేలమంది పోయారు. అప్పుడు అక్కడ ఎలాంటివాళ్లుండేవారో తెలుసా? త్రికోణమితిలో మనం వల్లెవేసే టాంజెంట్, సీకెంట్ అన్న పేర్లను 1583లో వాడుకలోకి తెచ్చిన థామస్ ఫింకే 93 ఏళ్ల వయసులో ఆ ఊళ్లోనే ఉన్నాడు. ప్లేగును దాటుకుని 1656 దాకా బతికాడు. ఆయన అల్లుడు ఓలె వోర్మ్, వైద్యుడు. మరో కూతురి కొడుకు థామస్ బార్తొలిన్, మనిషి ఒంట్లో శోషరస నాళాల్ని వర్ణించినవాడు. బార్తొలిన్ తమ్ముడు రాస్మస్ 1669లో ఐస్‌లాండ్ స్పార్ స్ఫటికంలో కాంతి రెండుగా చీలడం చూశాడు. రాస్మస్ అల్లుడు ఓలె రోమర్ కాంతికి వేగం ఉందని 1676లో గురుగ్రహపు చందమామ ఇయోను చూసి చెప్పాడు. డెన్మార్క్ విజ్ఞానమంతా ఒకే ఇంటి పెళ్లిపందిట్లో కూర్చున్నట్టుంటుంది. వీళ్లెవరికీ చుట్టం కాని కుర్రాడు నీల్స్ స్టెన్సెన్‌కు 1654లో పదహారేళ్లు. తన బడిలో 240 మంది పిల్లలు పోగా మిగిలినవాళ్లలో ఒకడు. రాతి పొరల్లో కింది పొర పాతది, పై పొర కొత్తది అని 1669లో సూత్రం కట్టినవాడు అతనే.

ఓలె వోర్మ్ దగ్గర కాసేపు ఆగాలి. కథల్లోని ఒంటికొమ్ము గుర్రం (యూనికార్న్) కొమ్ము అరగదీసి తాగితే విషాలకూ ప్లేగుకూ విరుగుడని యూరప్ అంతా నమ్మిన రోజులవి. దాని వెల బంగారాన్ని మించి ఉండేది. ఆ కొమ్ము ఒంటికొమ్ము గుర్రానిది కాదనీ, ఉత్తర సముద్రాల్లో తిరిగే నార్వాల్ అనే తిమింగలం దంతమనీ 1638లో వోర్మ్ పుర్రెతో సహా చూపించి తేల్చాడు. శభాష్ అనుకుంటాం. కానీ అక్కడితో ఆగలేదు. గుర్రం లేకపోతే పోనీ, మందు పనిచేస్తుందేమో చూద్దామని జంతువులకు విషం పెట్టి, పైన దంతపు పొడి తినిపించి, కోలుకున్నాయని రాశాడు! విషం పెట్టి పొడి ఇవ్వని జంతువు పక్కన ఒకటి ఉండాలి కదా. అదే లేదు. మన బడుల్లో ప్రయోగం చేయిస్తాం, రికార్డు రాయిస్తాం, కంట్రోల్ ఎందుకో మాత్రం చెప్పం. నా చేతిలో ఉంటే ఆ పాఠం వోర్మ్‌తో మొదలుపెడతాను. మూఢనమ్మకాన్ని సగం నరికిన మనిషి మిగతా సగం దగ్గర ఎలా జారాడో పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. మనిషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. స్తోమత ఉన్నవాళ్లు ఊరొదిలి పోతుంటే ఆయన ఉండి రోగుల్ని చూశాడు. ఆ ప్లేగు ఏడాదే, ఆగస్టు 31న, కోపెన్‌హాగెన్‌లో పోయాడు.

అంతకు ముందు తరంలో ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహే కూడా వెన్ దీవిలోని తన భవనం నేలమాళిగలో రసవాద ప్రయోగశాల పెట్టి ప్లేగు మందు తయారుచేశాడు. ఎన్నో దినుసులు కలిపే థెరియాక్ అనే పాతకాలపు విరుగుడు మందు దానికి మూలం. 2024లో అక్కడి గాజు, మట్టిపాత్రల పెంకుల్ని పరీక్షిస్తే బంగారం, పాదరసం, ఆంటిమొనీతోపాటు టంగ్‌స్టన్ కూడా కనిపించింది. టంగ్‌స్టన్ అన్న మూలకం ఉందని ఎవరికీ తెలియని రోజుల్లో!

ఇక రోమర్. కాంతి వేగం మనిషిగానే ఆయన్ని గుర్తుపెట్టుకున్నాం కానీ 1705 నుంచి ఆయన కోపెన్‌హాగెన్ పోలీసు అధిపతి. అంతకుముందే ఒక థర్మామీటర్ కొలమానం కట్టాడు: ఉప్పు కలిపిన మంచు 0, మరిగే నీళ్లు 60. 1708లో ఫారెన్‌హీట్ అనే యువకుడు వచ్చి చూసి, ఆ ఆలోచనను తీసుకుపోయి తన పేరున్న కొలమానం చేశాడు. రోమర్ 1710 సెప్టెంబరులో పోయాడు, ఊళ్లోకి ప్లేగు ఆ మరుసటి ఏడు వచ్చింది. క్రిమికి ఫ్లీలో ఉన్నానో మనిషిలో ఉన్నానో తెలిపే ఆ 11 సెల్సియస్ డిగ్రీల తేడా రోమర్ కొలమానం మీద ఆరు గీతలకు లోపే. కొలిచే పనిముట్టు ఆ ఊళ్లోనే ఉంది. కొలవాల్సింది ఫ్లీ గొంతులో అని తెలియడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది.

ఇంతవరకు చెప్పింది ఎలుక ఫ్లీ కథ. ఇక్కడొక చిక్కుంది. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోం ఎలుక నుంచి ఎలుకకు ఫ్లీ ద్వారా ప్లేగు సోకుతుందని చూపించాడు. భారతదేశంలో ఎలుకలు కుప్పలుగా రాలడం చూసి జనం ఇళ్లు ఖాళీ చేసేవారు. స్కాండినేవియా పాత రాతల్లో మనుషుల చావుల లెక్కలు బోలెడున్నాయి, ఎలుకల చావుల ఊసు మాత్రం దొరకదు. 2013లో నార్వే పరిశోధకులు హుఫ్టామర్, వాలో తవ్వకాల్లో దొరికిన ఎముకలు లెక్కగట్టి, అక్కడ నల్ల ఎలుకలు చాలా తక్కువ, ఉన్నవీ ఎక్కువగా రేవు పట్టణాల్లోనే అన్నారు. 2018లో ఓస్లో విశ్వవిద్యాలయ బృందం యూరప్‌లో తొమ్మిది ప్లేగుల మరణాల లెక్కలకు గణిత నమూనాలు సరిపోల్చి చూసింది. 1710 స్టాక్‌హోమ్ వాటిలో ఒకటి. తొమ్మిదింట ఏడింటికి ఎలుకల కంటే మనుషుల మీది ఫ్లీలు, ఒంటి పేలే బాగా సరిపోయాయి. నమూనా సరిపోవడం రుజువు కాదని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటా తీసిపారేయదగ్గది కాదు.

పైగా మనిషి ఫ్లీలో ఆ గొంతు అడ్డం అరుదుగా కడుతుంది. నాకెంతో ఇష్టమైన తూము అక్కడ పూర్తిగా మూసుకోదన్నమాట. అయినా దారులు లేకపోలేదు. సోకిన రక్తం తాగిన మొదటి కొద్ది రోజుల్లో, అడ్డం కట్టకముందే, కొంత క్రిమి కాటుతో దాటిపోతుంది. ఒక్క ఫ్లీతో అది చాలదు, వందలు కావాలి. ఒంటి పేలు కూడా క్రిమిని ఎక్కించగలవని 2024లో ప్రయోగశాలలో తేలింది. వారాల తరబడి విప్పని ఉన్ని బట్టలు, ఒకే పడక మీద నలుగురు, పొయ్యి వెచ్చదనం వదలని కట్టె ఇళ్లు. బయట మంచున్నా, దుప్పటి కింద ఫ్లీకి, పేనుకు ఎప్పుడూ ఒకటే రుతువు. చచ్చినవాళ్ల బట్టలు అమ్మొద్దని ఆ కాలపు ప్లేగు శాసనాలు గొంతు చించుకున్నాయి. గాలి చెడి జబ్బొస్తుందని నమ్మినవాళ్లు కూడా బట్టల విషయంలో సరైన చోటే వేలు పెట్టారు. కానీ చలిరాజ్యంలో పోయినవాడి కోటు కాల్చేయడానికి ఏ బీదవాడికి చేతులొస్తాయి?

1713 నాటికి స్కాండినేవియాలో ప్లేగు ఆగిపోయింది, మళ్లీ అలా విరుచుకుపడలేదు. ఓడల్ని దూరంగా లంగరు వేయించి, సరుకుల్ని గాలికి ఆరబెట్టించిన క్వారంటైన్ కారణమా, యుద్ధ శరణార్థుల రాక ఆగడమా అన్నది చరిత్రకారులు ఇంకా తెగ్గొట్టలేదు. ఆ శతాబ్దంలోనే బలమైన గోధుమరంగు ఎలుకలు వచ్చి ఆ ఊళ్లన్నీ నిండిపోయాయి. ఎలుకలు పెరిగాయి, ప్లేగు మాత్రం రాలేదు.