వాసన రాని సాల్వెంట్: అయానిక ద్రవాల ‘పచ్చ’ పేరు వెనుక కథ

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థులను అయానిక ద్రవం (తక్కువ వేడికే కరిగి ద్రవంగా ఉండే లవణం) అంటే ఏమిటని అడిగితే మూడు ముక్కలు తడుముకోకుండా చెబుతారు: ఆవిరి కాదు, మండదు, మళ్లీ వాడుకోవచ్చు. పైడిభీమవరం చుట్టూ బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లున్న ప్రాంతంలో ఈ మాటలకు గిరాకీ ఉండడం సహజమే. మందుల తయారీలో రియాక్టర్‌లో పడే సరుకు బరువులో నూటికి 80 నుంచి 90 పాళ్లు సాల్వెంటే, అంటే మిగతావాటిని కరిగించే ద్రావకమే. టోలీన్, డైక్లోరోమీథేన్ లాంటి మామూలు సాల్వెంట్లు గాల్లో కలవకుండా ఆపగలిగితే అంతకంటే ఏం కావాలి? అయితే ఈ మూడు ముక్కల్లో ఏదీ పూర్తిగా నిజం కాదు.

మొదట్లో పచ్చదనం, అంటే పర్యావరణానికి హాని చేయదన్న మాట, ఊసే లేదు. వంటింటి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. 1914లో రసాయన శాస్త్రవేత్త పాల్ వాల్డెన్ ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ అనే లవణం 12 డిగ్రీలకే కరుగుతుందని ప్రకటిస్తే పట్టించుకున్నవారు తక్కువ. 1951లో హర్లీ, వియర్ అల్యూమినియం పూత కోసం అల్యూమినియం క్లోరైడ్ కలిపిన ద్రవ లవణాలు వాడారు. ఆ తర్వాత అమెరికా వైమానిక దళ అకాడమీ వాటిని బ్యాటరీల కోసం అందుకుంది. వీటికి కాస్త తేమ తగిలినా హైడ్రోజన్ క్లోరైడ్ పొగ లేచేది. 1992లో విల్క్స్, జవరోట్కో టెట్రాఫ్లోరోబోరేట్ లాంటి అయాన్లతో గాలిని, నీటిని తట్టుకునే ద్రవాలు చేశాకే కొత్త రసాయనాలు తయారుచేసేవాళ్లు ఇటు చూశారు. 1998లో అనస్టస్, వార్నర్‌ల 12 హరిత రసాయన సూత్రాలు (హాని, వ్యర్థాలు తగ్గించే నియమాలు) వచ్చేసరికి, ఆవిరి కాదన్న ఒక్క గుణం చూపించి ‘పచ్చ’ పేరు తగిలించేశారు.

ఆ పేరు నిలుస్తుందో లేదో తేలాలంటే తయారీ చూడాలి. ఇమిడజోలియం రకం ద్రవాన్నే తీసుకుందాం. 1-మిథైలిమిడజోల్ 82 గ్రాములు, 1-బ్రోమోబ్యూటేన్ 150 గ్రాములు (చర్యకు కావలసినదానికంటే పది శాతం ఎక్కువ) తీసుకుంటారు. బ్రోమోబ్యూటేన్‌ను చుక్కచుక్కగా వేస్తూ, ఆ తర్వాత 70 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంచాలి. అంతా ఒకేసారి పోస్తే గొడవే. మోల్‌కు (అంటే పై కొలతకు) సుమారు 96 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. చల్లార్చకపోతే లెక్క ప్రకారం ఉష్ణోగ్రత 200 డిగ్రీలకు పైగా ఎగబాకాలి. బ్రోమోబ్యూటేన్ 101 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఈలోపే సరుకు పైకి పొంగుతుంది. జాగ్రత్తగా చేస్తే లేత పసుపు రంగులో వస్తుంది, టీ డికాక్షన్ రంగొస్తే వేడి ఎక్కువైందని అర్థం. మిగిలిన ముడిసరుకును ఇథైల్ అసిటేట్‌తో మూడుసార్లు కడిగి, వాక్యూమ్‌లో ఆరబెట్టాలి.

ఇంతా చేస్తే వచ్చేది బ్రోమైడ్ లవణమే. టెట్రాఫ్లోరోబోరేట్ కావాలంటే సోడియం టెట్రాఫ్లోరోబోరేట్‌తో అయాన్ మార్చాలి. కిలో ద్రవానికి సుమారు 455 గ్రాముల సోడియం బ్రోమైడ్ పక్కకు వస్తుంది. అది నీళ్లలో కలిస్తే ఈటీపీలో (వ్యర్థ జల శుద్ధి కేంద్రంలో) టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మోతాదు, పెరుగుతుంది; ఆ నీటిని ఇంకించే ఎంఈఈ యంత్రానికి ఆవిరి ఖర్చు పెరుగుతుంది. బ్రోమైడ్ పోయిందో లేదో సిల్వర్ నైట్రేట్ చుక్కతో చూడాలి. మసకబారితే ఇంకా ఉన్నట్టే. మిగిలిపోయిన హాలైడ్ (బ్రోమైడ్ లాంటి అయాన్) పల్లాడియం ఉత్ప్రేరకాన్ని కుంటుపరుస్తుంది. చిక్కదనాన్ని కూడా మారుస్తుంది కనుక ఒక ల్యాబ్ ఫలితం ఇంకో ల్యాబ్‌లో రాకపోవడానికి తరచు కారణం ఇదే. తేమను కార్ల్ ఫిషర్ పద్ధతిలో కొలవకుండా పని మొదలుపెట్టడం దండగ.

2003లో రోజర్స్ బృందం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ ద్రవం నీటితో విడిపోయి గాజును తినే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తుందని చూపింది. 2006లో కొన్ని అయానిక ద్రవాలను తక్కువ పీడనంలో స్వేదనం చేయవచ్చనీ (ఆవిరి చేసి మళ్లీ చల్లార్చి పట్టవచ్చనీ), కొన్ని మండుతాయనీ తేలింది. ఇక నీటి సంగతి. ఇమిడజోలియం మీది కార్బన్ గొలుసు పొడవయ్యేకొద్దీ నీటి జీవులకు విషం పెరుగుతుంది. మామూలు పరిస్థితుల్లో ఆవిరి కాదు కాబట్టి గెడ్డలో (వాగులో) పడితే ఎగిరిపోదు కూడా.

మరి పరిశ్రమలో నిలిచిందెక్కడ? సాల్వెంట్‌గా కాదు. జర్మనీ రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్ 2002లో మొదలుపెట్టిన బాసిల్ ప్రక్రియే చూడండి. చర్యలో పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్‌ను అంతకుముందు ట్రైఇథైలమీన్ అనే క్షారం పట్టుకుని గట్టి ఉప్పుగా మారేది, రియాక్టరంతా గుజ్జు. మిథైలిమిడజోల్ వేస్తే వచ్చే ఉప్పు 75 డిగ్రీలకే కరుగుతుంది. రెండు తేట పొరలు, వడపోత అక్కర్లేదు. మిథైలిమిడజోల్ చర్యను వేగపరుస్తుందని కూడా తర్వాత తెలిసింది. సోడియం హైడ్రాక్సైడ్‌తో దాన్ని తిరిగి తీసుకోవచ్చు, కానీ వంటుప్పు మిగులుతుంది. ఇక్కడా ఉప్పు తప్పలేదు!

అసలు పచ్చదనం కొంతైనా ఉన్నది ఆమ్ల ఉత్ప్రేరకాలుగా వాడే అయానిక ద్రవాల్లో. 8.2 గ్రాముల మిథైలిమిడజోల్‌ను ఐస్‌లో ఉంచి 9.8 గ్రాముల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలుగా వేస్తే 18 గ్రాముల హైడ్రోజన్ సల్ఫేట్ లవణం వస్తుంది. పక్క ఉత్పత్తి లేదు, అయాన్ మార్పిడి లేదు. ఆల్డిహైడ్, అసిటోఅసిటేట్, యూరియా కలిపే బిజినెల్లి లాంటి చర్యలకు ఈ తరహా ఉత్ప్రేరకం కొద్ది పాళ్లలోనే సరిపోతుంది. చివర ఐస్ నీళ్లు పోస్తే సరుకు గట్టిపడి వడపోతకు వస్తుంది, ఉత్ప్రేరకం నీళ్లలో ఉంటుంది. తిప్పలు ఇక్కడే. ఆ నీటిని ఆవిరి చేయడానికి అయ్యే ఇంధనం మామూలుగా పరిశోధన పత్రాల్లో కనిపించదు. నాలుగైదు సార్లు వాడి చూపించి ఆపేస్తారు. బ్యాచ్‌కు రెండు శాతం పోయినా 35 బ్యాచ్‌లకు సగమే మిగులుతుంది. పోయినది సరుకులో మలినంగానో, వ్యర్థ జలంలోనో చేరుతుంది.

2003లో అబ్బాట్ బృందం చూపిన కోలీన్ క్లోరైడ్, యూరియా మిశ్రమం ఈ చిక్కుల్లో కొన్నింటిని దాటింది. కచ్చితంగా చెబితే అది అయానిక ద్రవం కాదు, దగ్గరి చుట్టం. కోళ్ల దాణాలో వాడే కోలీన్ క్లోరైడ్ 140 గ్రాములు, యూరియా 120 గ్రాములు 80 డిగ్రీల దగ్గర తేటబడేదాకా కలిపితే చాలు. ఎరువు బస్తాలోని యూరియాకు వేపపూత ఉంటుంది, పనికిరాదు. టెక్నికల్ గ్రేడ్ కొనాలి. వేడి మరీ పెంచితే యూరియా విడిపోయి అమ్మోనియా ఘాటు వస్తుంది. పని అయ్యాక నీళ్లతో కడిగి పారబోస్తే యూరియాలోని నత్రజని అంతా ఈటీపీకే చేరి, అక్కడ అమ్మోనియాగా తేలుతుంది.