జర్కిన్ ఎంత మందమైతే అంత వెచ్చనా? చలికాలం సైకిలింగ్‌పై అపోహలు – వాస్తవాలు

కార్తీకం వచ్చిందంటే నెల్లూరులోని మా సైకిల్ దుకాణంలో ఒకటే ప్రశ్న. "మీ దగ్గరున్న జర్కిన్లలో అన్నిటికంటే మందమైనది ఏది?" తెల్లవారుజామున మైపాడు బీచ్ దాకా తొక్కేవారు అడుగుతారు. సంక్రాంతి సెలవుల్లో లంబసింగికో అరకుకో సైకిల్ మీద వెళ్లాలనుకునేవారు అడుగుతారు. పిల్లలను చదువుకు జర్మనీకో కెనడాకో పంపుతున్న తల్లిదండ్రులూ అడుగుతారు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే ప్రశ్న వస్తోంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. జనం డబ్బునూ ఒంటినీ ఎక్కువగా పాడుచేస్తున్న అపోహ ఇదే. మిగిలినవి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: జర్కిన్ ఎంత మందంగా ఉంటే చలి అంత దూరం

వాస్తవం: బస్టాండులో నిలబడి బస్సు కోసం ఎదురుచూసేవారికి ఆ మాట నిజం. సైకిల్ తొక్కేవారికి కాదు. తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కు చేరేది 20 నుంచి 25 శాతమే. మిగిలినదంతా వేడే. పెడల్ మీద 100 వాట్లు పెడితే ఒంట్లో 300 వాట్లకు పైగా వేడి పుడుతుంది. మీ పొయ్యి మీలోనే మండుతోంది. దాన్ని మందపు రెక్సిన్ జర్కిన్‌తో మూసేస్తే శరీరం ఏం చేస్తుంది? చెమట పోస్తుంది. ఆ చెమట ఆవిరై బయటకు పోవాలి, రెక్సిన్ పోనివ్వదు. లోపలున్న కాటన్ బనియన్ దాన్నంతా పీల్చుకుని ముద్దవుతుంది.

ఎక్కుడు దారిలో ఉన్నంతసేపూ ఇది తెలియదు. ఆగినప్పుడో, ఘాట్ దిగేటప్పుడో తెలుస్తుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. దిగేటప్పుడు కాళ్లకు పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు, ఎదురుగాలి మాత్రం రెట్టింపవుతుంది. 5 డిగ్రీల చలిలో గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళితే ముఖానికి సున్నా దగ్గర ఉన్నట్టు తగులుతుంది. అదీ పొడి చర్మానికి వేసిన లెక్క. తడి బనియన్‌తో ఉన్నవారి సంగతి వేరే చెప్పాలా?

ఒంగోలు నుంచి ఒక అధ్యాపకుడు మాతో లంబసింగి వచ్చారు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు, డిసెంబరు, జనవరి నెలల్లో ఎముకలు కొరికే చలి. నర్సీపట్నం వైపు నుంచి చీకటితోనే ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. ఆయన ఒంటి మీద కాటన్ బనియన్, దాని మీద ఉన్ని స్వెటర్, దాని మీద మోటారుసైకిల్ వాళ్లు వేసుకునే నల్లటి రెక్సిన్ జర్కిన్, మెడ దాకా లాగిన జిప్పు. "సార్, జిప్పు కొంచెం దించండి" అని రెండు మలుపుల దగ్గర చెప్పాను. "చలి పట్టేస్తుంది" అన్నారు. పైన టీ కొట్టు దగ్గర ఆగేసరికి బాగానే ఉన్నారు, నవ్వుతూ ఫొటోలు కూడా తీశారు. టీ తాగడం పూర్తికాక ముందే వణుకు మొదలైంది. గ్లాసు పట్టుకున్న చేయి ఆగడం లేదు. తిరిగి దిగాలని సైకిల్ ఎక్కితే, కొంకర్లు పోయిన వేళ్లు బ్రేకు లివరు చుట్టూ ముడుచుకోవడం లేదు. ఘాట్ రోడ్డులో బ్రేకు పట్టలేని చేతులతో దిగడం ఎంత ప్రమాదమో తొక్కేవారికి చెప్పనక్కరలేదు.

ఆయనను టీ కొట్టు వెనక్కి తీసుకెళ్లి బనియన్ విప్పించాను. పిండితే నీళ్లు ధార కట్టాయి. తువ్వాలుతో ఒళ్లు తుడిచి, నా సంచిలో ఉన్న పొడి జెర్సీ ఇచ్చి, కొట్టులో అడిగి తీసుకున్న వార్తాపత్రికను మడిచి ఛాతీ మీద పెట్టి, పైన గాలిని ఆపే పలచటి జాకెట్, అంటే విండ్‌చీటర్ వేశాం. కాసేపటికి వేళ్లు కదిలాయి. ఆ కాగితం చిట్కా మనది కాదు. టూర్ ద ఫ్రాన్స్‌లో కొండ కొమ్ముకు చేరిన రేసర్లు అభిమానుల చేతుల్లోంచి పత్రికలు అందుకుని, జెర్సీ లోపల దోపుకుని దిగేవారు. గాలిని ఆపడానికి మందం అక్కరలేదని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కాబట్టి మూడు పొరలు. ఒంటికి అంటుకునేది (దీన్నే బేస్ అంటాం) చెమటను లాగి బయటికి పంపాలి: పాలిస్టర్, లేదా పలచటి మెరినో ఉన్ని. మధ్యది వేడిని పట్టి ఉంచాలి: పలచటి ఫ్లీస్, అంటే మెత్తటి నూగున్న గుడ్డ. పైది గాలిని ఆపాలి, ఆవిరిని ఆపకూడదు. మూడింటిలో మొదటిదానికే జనం పైసా ఖర్చు పెట్టరు. పైన వేల రూపాయల జాకెట్, లోపల కాటన్ బనియన్! కాటన్ ఎండాకాలంలో మనకు ప్రాణం. చలిలో ఘాట్ ఎక్కేవారికి మాత్రం పనికిరాదు.

నమ్మనివారికి మా కౌంటరు మీద రెండు గుడ్డముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి కాటన్ బనియన్ నుంచి కత్తిరించింది, రెండోది సైక్లింగ్ జెర్సీది. రెండింటినీ తడిపి, పిండి, ఫ్యాను కింద పెడతాను. గేర్లు, టైర్ల గురించి మాట్లాడుకుంటూ ఉండగానే జెర్సీ ముక్క ఆరిపోయి రెపరెపలాడుతుంది. బనియన్ ముక్క చల్లగా, బరువుగా బల్లకు అతుక్కునే ఉంటుంది. ఆ ముక్కను మెడ వెనక పెట్టి చూడమంటాను. ఆ తర్వాత ఎవరూ వాదించరు.

బయలుదేరిన మొదటి పది నిమిషాలు కొంచెం చలిగానే అనిపించాలి. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉంటే మీరు ఎక్కువ వేసుకున్నారని అర్థం. ఎక్కుడు మొదలయ్యే ముందే జిప్పు దించండి, చెమట పట్టాక కాదు. దిగుడు మొదలయ్యే ముందు పైదాకా లాగండి. చంకల కింద జిప్పులున్న జాకెట్ దొరికితే వదలకండి.

మన ఊరి సంగతికి వస్తే, నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. దానికి జెర్సీ, చేతులకు పొడుగు తొడుగులు (ఆర్మ్ వార్మర్లు), మహా అయితే చేతుల్లేని విండ్‌చీటర్ చాలు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేవారు, రాత్రంతా తొక్కాల్సిన 300, 400 కిలోమీటర్ల బ్రెవేలకు (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ సవారీలకు) వెళ్లేవారు లోపల పొడుగు చేతుల బేస్ వేసుకుని, జేబులో విండ్‌చీటర్ పెట్టుకోవాలి. 5 డిగ్రీలకు దిగితేనే ఫ్లీస్, నిండు గ్లవ్స్, షూ కవర్లు.

ఇక పిల్లలను విదేశాలకు పంపే అమ్మానాన్నలు. మొన్న ఒకావిడ కావలి నుంచి వచ్చారు. కొడుకు జర్మనీకి వెళ్తున్నాడు, కాలేజీకి సైకిల్ మీదే వెళ్లాలట. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నారు. పెద్ద ఈకల జాకెట్ కొనేందుకు డబ్బు పట్టుకుని వచ్చారు. "అమ్మా, అబ్బాయి రోజూ ఎంత దూరం తొక్కుతాడు?" అని అడిగాను. "నాలుగు కిలోమీటర్లట బాబూ." అంత దూరం నిదానంగా తొక్కితే చెమటే పట్టదు. అక్కడ మామూలుగా వేసుకునే కోటే జిప్పు కొంచెం దించి వేసుకుంటే సరిపోతుంది. ఈకల జాకెట్ తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది కాబట్టి వానలో దాన్ని నమ్ముకోకూడదు. ఆవిడ చేత రెండు జతల బేస్, గాలి దూరని గ్లవ్స్, హెల్మెట్ కింద పట్టే పలచటి చెవుల పట్టీ మాత్రం కొనిపించాను. తల్లి భయాన్ని చూపి బరువైన సరుకు అంటగట్టడం నాకు చేతకాదు. అలా అంటగట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అయితే అన్నిటికీ సరిపోతుంది

మనకు చలికాలమూ వానాకాలమూ కలిసే వస్తాయి. ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది కాబట్టి ఈ ప్రశ్న సహజమే. కానీ ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేసుకుని తొక్కితే బయటి నీళ్లు రావు, లోపలి నీళ్లు పోవు. జాకెట్ చీటీ మీద రెండు అంకెలు చూడండి. మిల్లీమీటర్లలో ఉండేది నీటిని ఆపే శక్తి. గ్రాములలో ఉండేది ఒక చదరపు మీటరు గుడ్డ 24 గంటల్లో ఎంత ఆవిరిని బయటికి పంపగలదో చెబుతుంది. దుకాణదారులు మొదటిదే చెబుతారు, మీరు రెండోది అడగండి. వాన లేని రోజు దాన్ని ఇంట్లో వదిలి విండ్‌చీటర్ తీసుకెళ్లండి. విండ్‌చీటర్ గాలిని ఆపుతుందో లేదో తెలియాలంటే గుడ్డను పెదవులకు ఆనించి గట్టిగా ఊదండి. ఊపిరి అవతలికి సులువుగా పోతే పేరుకే విండ్‌చీటర్.

మిగిలినవి త్వరగా.

"ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుంది." కాదు, సుమారు 10 శాతమే. మంకీ క్యాప్ మీద హెల్మెట్ బిగించకండి, హెల్మెట్ సరిగా కూర్చోదు. చెవులు కప్పుకుంటే చాలు.

"రెండు జతల సాక్సులు వేస్తే కాళ్లు వెచ్చన." బూటు బిగుతైతే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

"ఒక గుటక బ్రాందీ వేస్తే వేడి." చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. తాగి ఘాట్ దిగడం గురించి నేను మాట్లాడను, అటువంటివారిని వెంట తీసుకెళ్లను.

"చలిలో దాహం వేయదు, నీళ్లు అక్కరలేదు." చెమట పడుతోందిగా, తాగండి.

"ఛాతీకి చలిగాలి తగిలితే న్యుమోనియా." వాట్సాప్‌లో ఏటా తిరిగే మాట. న్యుమోనియా వచ్చేది సూక్ష్మజీవుల వల్ల. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారికి మాత్రం చలిగాలి నిజంగా ఇబ్బందే. వారు ముందు డాక్టరును అడిగి, తర్వాతే మా దగ్గరికి రావాలి.

కొనేటప్పుడు జాకెట్‌ను అద్దం ముందు నిలబడి చూడకండి. సైకిల్ మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, ముందుకు వంగి చూడండి. నడుము వెనక బయటపడకూడదు, మణికట్టు కనిపించకూడదు, లోపల ఒక ఫ్లీస్‌కు చోటుండాలి. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడేందుకు, సువాసన కోసం కలిపే ద్రవాలు వాడవద్దు. అవి దారాలకు పొరలా పట్టేస్తే బేస్ చెమటను లాగడం మానేస్తుంది. మామూలు సబ్బు, చల్లటి నీళ్లు, నీడలో ఆరబెట్టడం చాలు.