జామచెట్టు కింది వంక

చిన్నోడికీ, పాపకూ మీ అవ్వ దీవించి రాసేది.

పోయిన సెలవుల్లో వాన పడుతుంటే మీరిద్దరూ వరండాలో కూర్చుని, "వెనక వీధి ఆరిపోయింది కదా అవ్వా, మన వీధిలోనే నీళ్లెందుకు నిలిచాయి?" అని అడిగారు. పొయ్యి మీద పెనం ఉందని అప్పుడు మాట దాటేశాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తీరిగ్గా రాస్తున్నా, నిదానంగా చదవండి.

1989లో మేము తిరుపతిలో తుమ్మలగుంట దారిలో ఇల్లు కట్టుకున్నప్పుడు ఇక్కడ ఉన్నవి ఏడిళ్లే. మిగతాదంతా వరి కయ్యలు, సెనక్కాయ చేలు. చీకటి పడితే దారిలో మనిషి కనబడడు. వానాకాలంలో కప్పల అరుపులకు మీ నాయన నిద్రపోయేవాడు కాదు. మిద్దె మీద పడుకుంటే ఉత్తరాన కొండ మీద అలిపిరి మెట్లదారి దీపాలు ఒకదాని వెనక ఒకటి పైకి ఎక్కిపోతున్నట్టుండేవి. ఆ పైన గాలిగోపురం వెలుగు. మీ తాత దానికి దండం పెట్టుకునే పడుకునేవారు. మే నెలలో గంగమ్మ జాతరకు చాటింపు వేస్తే ఊరివాళ్లు పొలిమేర దాటి వెళ్లి రాత్రి ఉండకూడదంటారు. మరి మన ఇల్లు పొలిమేర లోపలా, బయటా? మొదటేడు మీ తాత తాతయ్యగుంట గుడి దగ్గరికి పోయి పెద్దవాళ్లను అడిగొచ్చారు. అంత శివారు ఇది. ఇప్పుడు ఊరు మనల్ని దాటి ఎంతో దూరం పోయింది. ఎదురుగా అయిదంతస్తుల అపార్టుమెంటు లేచాక మెట్లదారి దీపాలు కనబడటం లేదు.

ఇక నీళ్ల సంగతి. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి నది. కొండ మీద కురిసిన వాన నదిలోకి చేరాలంటే ఊరి గుండా పోవాల్సిందే. అది ఒక్క ఉరుకున పోకుండా మన పెద్దలు దారి పొడవునా చెరువులు, గుంటలు తవ్వారు. పై చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్లు వంకలో పారి కింది చెరువుకు చేరేవి. పేర్లు చూడండి: తుమ్మలగుంట, కొర్లగుంట, తాతయ్యగుంట, అవతల రేణిగుంట. గుంట అంటే నీళ్లు నిలిచే చోటు. నేల ఎలాంటిదో పేరులోనే చెప్పి పోయారు. మేమంతా ఆ పేర్లను బస్సు బోర్డు మీద చదివి ఊరుకున్నాం.

మనకు పెద్ద వానలు కార్తీకంలో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు వస్తాయి. 2021 నవంబరులో అలాగే వచ్చింది. అలిపిరి మెట్ల మీద నీళ్లు జలపాతంలా దూకాయి. కపిలతీర్థం దగ్గర నిలబడితే పక్కమనిషి మాట వినపడలేదు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. వాన తగ్గాక ఇంకో వింత. శ్రీకృష్ణానగర్‌లో ఒకావిడ ఇంటి సంపులోకి దిగి కడుగుతుంటే, ఆ సిమెంటు వరల సంపు ఉన్నట్టుండి భూమిలోంచి పైకి లేచింది. ఆవిడ బతికి బయటపడింది, అంతే చాలు. మీరు బకెట్టు నీళ్లలో ఖాళీ చెంబును లోపలికి నీళ్లు పోనీయకుండా అంచుదాకా నొక్కి వదలండి, ఎగిరి పైకొస్తుంది కదా? నేల నీళ్లతో నిండిపోయినప్పుడు ఖాళీ సంపు కూడా ఆ చెంబు లాంటిదే.

ఆ వానకు మన వీధిలో మోకాలి లోతు నీళ్లు రెండు రోజులున్నాయి. ఎందుకంటే మన పెరటి వెనక ఒక వంక ఉండేది. ఇల్లు కట్టిన కొత్తలో అది ఎనిమిదడుగుల వెడల్పు, నేనే చీరకొంగుతో కొలిచాను. పక్కనున్నవాళ్లు మెట్లు కట్టుకోవడానికి ఒక అడుగు కలుపుకున్నారు. ఇంకొకరు బండి పెట్టుకోవడానికి మూడు. మేమూ గోడ రెండడుగులు బయటికి జరిపి, ఆ జాగాలో మట్టి పోసి జామచెట్టు పెట్టాం. మీరు ఎక్కి ఊగే చెట్టే అది. ఎవరూ వంకను పూర్తిగా పూడ్చలేదు, తలా కొంచెం తీసుకున్నామంతే. ఇప్పుడు అక్కడ మిగిలింది రెండడుగుల మురుగు కాలవ. ఈ సంగతి మీకు చెప్పాలంటే నాకు కష్టంగానే ఉంది, కానీ మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

మీ తాత ఉన్నప్పుడే ఆ గోడ వెనక్కి జరపాలని రెండు మూడుసార్లు అన్నారు. నేనే చెట్టు పోతుందని ఒప్పుకోలేదు. పోయిన వారం మేస్త్రీని పిలిచి చూపించాను. సంక్రాంతి లోపల చేసిస్తానన్నాడు. పక్కవాళ్లతో కూడా మాట్లాడాను. మెట్లవాళ్లు ఆలోచిస్తామన్నారు, బండివాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు.

చెట్టు కోసం ఏడవొద్దు. వానల్లోనే ఒక కొమ్మకు బెరడు గీకి, తడి మట్టి చుట్టి అంటు కట్టాను. వేళ్లు వచ్చాయి. కుండీలో పెడితే నాలుగు ఆకులు వేసింది. మీరు వచ్చాక ముందు వాకిట్లో నాటుదాం. గుంత చిన్నోడు తవ్వాలి, నీళ్లు పాప పోయాలి.

మీ అవ్వ